పసుపు రెయిన్ లిల్లీని తల్లిగా పెట్టకండి: మిద్దెతోటలో కొత్త పసుపు రకం తీసే పద్ధతి

[తెర మీద: లోపలి రేకల మీద పసుపు మచ్చ ఉన్న స్నోడ్రాప్ ఫొటో]

ఈ బుల్లి పువ్వు పేరు స్నోడ్రాప్. మామూలుగా దీని లోపలి రేకల మీద ఆకుపచ్చ మచ్చ ఉంటుంది. కొన్ని అరుదైన రకాల్లో ఆ మచ్చ, పైనున్న అండాశయం రెండూ పసుపుగా వస్తాయి. అలాంటిదే ‘గోల్డెన్ టియర్స్’ అనే రకం. 2022లో బ్రిటన్‌లో దాని గడ్డ ఒకటి 1,850 పౌండ్లకు పోయింది. మన లెక్కలో లక్షా ఎనభై వేల పైమాటే.

వరంగల్‌లో ఇది బతకదు. దీనికి వారాల తరబడి గట్టి చలి కావాలి. మన దగ్గర జనవరి రాత్రులు కూడా 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి నమ్మించినా మార్చి ఎండ దాన్ని ఉండనివ్వదు. అయితే అదే అమరిల్లిడేసి కుటుంబం మొక్క ఒకటి హన్మకొండ, కాజీపేట ఇళ్ల ముందు ఎన్నేళ్లుగానో ఉంది. మృగశిర వాన పడ్డ నాలుగైదు రోజులకు కుండీ నిండా పూసే రెయిన్ లిల్లీ. పసుపు మీద మోజుంటే పని దీని మీద చేయండి.

[షాట్: మూడు కుండీలు పక్కపక్కన]

నర్సరీల్లో తేలిగ్గా దొరికేవి మూడు. పసుపుది సిట్రినా. తెల్లది క్యాండిడా, దీని ఆకు ముట్టుకుంటే గుండ్రంగా, పుల్లలా తగులుతుంది. గులాబీది కారినాటా, దాన్నే గ్రాండిఫ్లోరా అనీ రోజియా అనీ అమ్ముతారు. గులాబీకి మన దగ్గర కాయ పట్టడం బహు అరుదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఇప్పుడు అసలు మాట. పసుపు సిట్రినా మీద తెల్లదాని పుప్పొడి వేస్తే కాయ పడుతుంది, విత్తనం మొలుస్తుంది, అంతా బాగానే కనబడుతుంది. ఏడాది ఆగితే పూసేది మళ్లీ అదే సిట్రినా. ఈ మొక్క పిండాన్ని ఫలదీకరణతో పని లేకుండా తల్లి కణాల నుంచే తయారుచేసుకుంటుంది. దీన్నే అసంయోగజననం, అపోమిక్సిస్ అంటారు. పుప్పొడి కావాలి, కాకపోతే అది పిండానికి ఆహారం సమకూర్చే కణజాలం కోసమే. తండ్రి వంట చేసిపెట్టి పోతాడు, బిడ్డకు పోలిక మాత్రం రాదు. ‘కాయ పడింది, క్రాస్ అయిపోయింది’ అని సంబరపడే వీడియోల్లో చాలావాటికి ఇదే జరుగుతుంది.

అందుకే తల్లి, అంటే కాయ కట్టే మొక్క, తెల్లది; తండ్రి, అంటే పుప్పొడి ఇచ్చేది, పసుపుది. లేత పసుపులో పూసే ‘అజాక్స్’ అనే పాత రకం ఈ రెండింటి సంకరమే. అంటే దారి ఉందన్నమాట.

ముందు కుండీ. ఎర్ర చెలక మట్టి రెండు పాళ్లు, కడిగిన మానేరు ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు. నల్లరేగడి ఒక్కటే పోస్తే ముసురు పట్టిన వారంలోనే గడ్డ కుళ్లుతుంది. రోబో శాండ్ కూడా వద్దు, అందులోని మెత్తటి పొడి కుండీ అడుగున పేరుకుని నీళ్లు దిగనివ్వదు. 8 అంగుళాల కుండీకి 8 నుంచి 10 గడ్డలు, మెడ మట్టి పైకి కనబడేలా.

రెండూ ఒకేసారి పూయకపోవడం అందరికీ వచ్చే ఇబ్బంది. పసుపుది జూన్, జులైలలోనే మొదలుపెడుతుంది, తెల్లది ఎక్కువగా ఆగస్టు దాటాక విరబూస్తుంది. ఒక ఉపాయం: పసుపు కుండీని వాన తగలని చోట మూడు వారాలు ఎండగట్టి, తర్వాత కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి. వారం అటూ ఇటూగా మొగ్గ లేస్తుంది. రెండో ఉపాయం పుప్పొడి దాచుకోవడం. పరాగకోశాలను, అంటే పుప్పొడి ఉండే సంచులను, బటర్ పేపర్ మీద ఒక రోజు నీడన ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు చిన్న సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. వాడే రోజు సీసాను బయట అరగంట ఉంచాకే మూత తీయండి. లేకపోతే చెమ్మ పట్టి పుప్పొడి ముద్దవుతుంది.

[దగ్గరి షాట్: తెల్ల మొగ్గ, పట్టుకారు]

మగ భాగాలు తీసే పని ముందురోజు సాయంత్రమే కావాలి. మరునాడు విచ్చే మొగ్గ నిటారుగా, ఉబ్బి, కొన బిగిసి ఉంటుంది. పొద్దున పువ్వు విచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. తెల్లదానిలో కీలాగ్రం, అంటే పుప్పొడి అంటుకునే ఆడ భాగం కొన, పరాగకోశాల మధ్యనే ఉంటుంది, అవి పగలగానే దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. మొగ్గ పక్కన గోరుతో సన్నగా చీల్చండి. లోపల ఆరు కేసరాలు. పరాగకోశాన్ని నొక్కకుండా కింద కాడ దగ్గర పట్టి లాగాలి. ఒక్కొక్కటి తీసి అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టండి, ఆరూ రావాలి. ఐదు వచ్చాయంటే ఆ పువ్వును వదిలేయండి. పని కాగానే చిన్న ఆర్గంజా సంచి తొడిగితే తేనెటీగ వాలదు.

మరునాడు 9 నుంచి 11 లోపు కీలాగ్రం మెరుస్తూ కనబడుతుంది. పసుపు పువ్వు పరాగకోశాన్ని పట్టుకారుతో పట్టి, కీలాగ్రం అంతటా పసుపు పొడి కనబడేదాకా రుద్దండి. బ్రష్ వాడకపోవడమే మంచిది, పాత పుప్పొడి వెంట్రుకల్లో ఉండిపోతుంది. చినుకు పడుతుంటే కుండీని లోపలికి తెచ్చుకోండి, తడిసిన పుప్పొడి పగిలిపోతుంది.

కాడకు నగల షాపు వాళ్లు కట్టే దారం చీటీ కట్టి పెన్సిల్‌తో రాయండి. పెన్ను రాత ఒక్క వానకే పోతుంది. తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, కింద తేదీ.

నాలుగైదు రోజులకు పువ్వు కింది అండాశయం పచ్చగా ఉబ్బితే పట్టినట్టు. పసుపుబారి వాలితే పోయినట్టే. పుప్పొడి పాతబడటం, కీలాగ్రం సిద్ధం కాకముందే రుద్దడం, విపరీతమైన ఎండ, మామూలుగా కారణాలివే. మూడు వారాలకు కాయ రంగు తిరుగుతుంది. అప్పుడే సంచి మళ్లీ కట్టండి. పగిలిందంటే నల్లటి, కాగితం పలుచన విత్తనాలు గాలికి పోతాయి. నడుమ ఉబ్బెత్తుగా ఉన్నదే గింజ, మిగతాది తాలు.

విత్తనం దాచకండి. వారంలో వేయాలి, నెలలు గడిచే కొద్దీ మొలక పడిపోతుంది. గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ల మీద తేలేసి వెలుతురులో ఉంచితే వారం, పది రోజుల్లో వేరు దిగుతుంది. నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి. వేరు అంగుళం కాకముందే కోకోపీట్, ఇసుక సమంగా కలిపిన ట్రేలోకి మార్చండి. నీళ్లు ఎక్కువైతే నారుకుళ్లు వచ్చి మొలకలు మొదలు దగ్గర తెగి పడిపోతాయి. ఆకు రెండంగుళాలు దాటాక 15 రోజులకోసారి 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు గ్రాము చొప్పున చాలు. పెద్ద గడ్డలకు చేసినట్టు వీటిని ఎండగట్టకూడదు. రోహిణి కార్తెలో 50 శాతం షేడ్ నెట్ తప్పనిసరి.

ఆకులు తేరాక చూడండి. తెల్లదానిలాగే గుండ్రంగా, ముదురుగా ఉన్నది బహుశా తల్లి తనంతట తాను పట్టించుకున్న విత్తనం. ఆకు రెండింటికీ మధ్యరకంగా ఉంటే దాన్ని ఉంచుకోండి. పూతకు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. మొదటి తరంలో ముదురు పసుపు ఆశించకండి, మీగడ రంగో లేత పసుపో వస్తుంది. వాటిలో కాయ పట్టే మొక్క దొరికితే దానికి మళ్లీ సిట్రినా పుప్పొడి వేయండి. కొన్ని అసలు కాయే పట్టవు.

ఒక పురుగు సంగతి. నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళి, అడవినాభిని తినేది కూడా ఇదే. గుంపుగా వచ్చి రాత్రికి రాత్రి ఆకు కొట్టేస్తుంది. సాయంత్రం టార్చి వేసి ఏరేయడమే నమ్మకమైన పని. చిన్నవిగా ఉన్నప్పుడైతే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టొచ్చు.

[దగ్గరి షాట్: బ్లేడు, నిలువుగా కోసిన గడ్డ]

నచ్చిన మొక్క ఒక్కటే ఉంటే విత్తనంతో పెంచకండి, రంగు చెదురుతుంది. పిల్లగడ్డల కోసం ఆగలేకపోతే గడ్డను కోయాలి. రెండున్నర సెంటీమీటర్ల గడ్డ వేర్లు తీసేసి, స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో నిలువుగా ఎనిమిది చీలికలు చేయండి. ప్రతి చీలికలో అడుగున ఉండే గట్టి బిళ్ల ముక్క ఉండాలి, అది లేని పొరకు పిల్ల రాదు. సాఫ్ అనే బూజుమందు లీటరుకు 2 గ్రాములు కలిపిన నీళ్లలో 20 నిమిషాలు ముంచి, నీడన అరగంట ఆరబెట్టి, తడి తగిలీ తగలనట్టున్న వర్మిక్యులైట్‌లో (చెమ్మ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు రవ్వ) కలిపి జిప్ కవర్‌లో వేసి చీకటి అలమరలో పెట్టండి. పిండితే చుక్క కారకూడదు. పది రోజులకోసారి తెరిచి చూసి బూజు పట్టిన ముక్కను తీసేయండి. రెండు నుంచి మూడు నెలల్లో పొరల మధ్య, బిళ్లను ఆనుకుని బియ్యపుగింజంత గడ్డలు కడతాయి. పని సెప్టెంబర్‌లో మొదలుపెడితే ఎండాకాలం లోపు ట్రేలో నిలదొక్కుకుంటాయి.

గడ్డలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులవుతాయి. చూడటానికి చిన్న ఉల్లిగడ్డే కాబట్టి కోసిన ముక్కలను వంటింట్లో ఆరబెట్టకండి, చెత్తను మేకలకు వేయకండి.