చుక్క కనిపించలేదు

(తెర మీద: మందుల చీటీ, దగ్గరగా. చేతిరాతలో "1.0 మి.గ్రా.")

ఒకటికీ సున్నాకీ మధ్య చిన్న చుక్క ఉంది, చూశారా? నైట్ డ్యూటీలో అలసిపోయిన నర్సుకు అది కనిపించలేదనుకోండి. ఒక మిల్లీగ్రాము ఇవ్వాల్సిన చోట పది ఎక్కిస్తారు. అందుకే "1.0" అని రాయొద్దు, "1" చాలు అంటారు. అలాగే ".5" కాదు, "0.5" అని రాయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వైద్యం చేయించుకునే ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి ఆ వైద్యంలోనే ఏదో హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా ఆపగలిగినదే. సగం! ఈ మాట చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఆపిన అనుభవమూ ఉంది. పేషెంటు పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని కత్తి పెట్టకముందే అందరూ పైకి చెప్పుకునే చెక్‌లిస్టును ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూశారు. 2009లో వచ్చిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి.

(తెర మీద: ఐసీయూ బయట ఖాళీ కుర్చీ)

మరి తప్పు జరిగిపోయాక? "కాంప్లికేషన్ వచ్చిందండీ" అని తప్పుకుంటే, ఈ కుర్చీలో కూర్చున్న కూతురు ఏమనుకుంటుంది? "నాన్నని ఒకరోజు ముందే తీసుకొచ్చి ఉంటే..." చేయని తప్పును ఏళ్ల తరబడి మోస్తుంది. నా దృష్టిలో మొదటి పొరపాటు కంటే ఇదే పెద్ద అన్యాయం.

చెప్పాల్సింది ఇలా: "అమ్మా, నాన్నగారికి పదింతలు మందు ఎక్కించాం. పొరపాటు మాదే, క్షమించండి. ఇప్పుడు ఆయనకి ఏం చేస్తున్నామో చెప్తాను, కూర్చోండి."

కేసులు పడతాయన్న భయం ఉంటుంది, నిజమే. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రులు 2001 నుంచి తప్పు తమదైతే తామే చెప్పి, క్షమాపణతో పాటు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టాయి. తర్వాతి ఏళ్లలో అక్కడ దావాలు పెరగలేదు, దాదాపు మూడో వంతుకు తగ్గాయి.

ఆ నర్సుని మాత్రం బలి చేయకండి. ఒక్కరి ఉద్యోగం తీసేస్తే రేపు ఇంకొకరు నోరు మెదపరు, చీటీ మాత్రం అలాగే ఉంటుంది.

నిజం విన్న కుటుంబాలు చాలాసార్లు అడిగేది ఒకటే: "ఇంకొకరికి ఇలా జరక్కుండా ఏం చేశారు?"

(తెర మీద: అదే మందు, ప్రింటు చేసిన కొత్త చీటీ. "1 మి.గ్రా.")