ఫెయిలైన బోరు నిజంగా పూడిందా? తాడుతో తేల్చే పద్ధతి

అందరికీ నమస్కారం. ఈ వీడియో నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక మెట్ట పొలంలో తీస్తున్నాం. ఇక్కడ రెండు ఫెయిలైన బోర్లున్నాయి. ఒకదాంట్లో మట్టి పోయించి మీద కడప బండ పరిచారు. రెండోదానికి ఇనప ప్లేటు వెల్డింగ్ చేసి, చుట్టూ సిమెంటు దిమ్మ కట్టి, పసుపు రంగు కూడా వేశారు. ఏది బాగా మూసినట్టు అని ఎవరినడిగినా రంగు వేసినదాన్నే చూపిస్తారు. నన్నడిగితే, లోపలికి తాడు దించేదాకా రెండింటికీ మార్కులు సున్నా.

మూత వేరు, పూడ్చడం వేరు. ప్లేటు తుప్పు పడుతుంది. బండను ఎవరో ఇంటి మెట్టుకు పట్టుకుపోతారు. ఇనుము పాత సామాన్ల కొట్టుకు చేరినా ఆశ్చర్యం లేదు. అప్పుడు మిగిలేది ఆరున్నర అంగుళాల బొక్క, ఐదారు వందల అడుగుల లోతు. అది అడుగు నుంచి పైదాకా పూడిందో లేదో ఎవరి మాటా నమ్మకుండా మనమే తేల్చుకోవడం ఎలాగో ఇవాళ చూద్దాం.

నేను కొన్నేళ్లు రాజమండ్రి వైపు గ్యాస్ బావుల మీద సిమెంటింగ్ పని చేశాను. ఈ పద్ధతి అక్కడిదే, మన పొలానికి సరిపడా కుదించానంతే. ముందు అక్కడేం చేస్తారో కాసేపు వినండి. స్కిప్ చేస్తే తాడు ఎందుకో అర్థం కాదు.

గ్యాస్ బావిని ఇక వాడం అనుకున్నాక లోపల సిమెంటు ప్లగ్గులు వేస్తారు. గ్యాస్ ఉన్న పొర దగ్గర ఒకటి, మంచినీళ్ల పొరను కాపాడేలా ఒకటి, నేలకు దగ్గరగా ఇంకొకటి. "సిమెంటు పంపు చేశాం సార్, లెక్క ప్రకారం ఫలానా లోతులో ఉంటుంది" అంటే ఒప్పుకోరు. గట్టిపడేదాకా ఆగి, పైపు దించి, ప్లగ్గు నెత్తి మీద ఆనించి బరువు మోపాలి. దీన్ని ట్యాగ్ చేయడం అంటాం. పైపు ఎక్కడ ఆగితే ప్లగ్గు అక్కడుంది, కాగితం మీద ఏం రాసినా సరే. అమెరికా సముద్ర బావుల నిబంధనల్లో ఆ బరువు కనీసం 15,000 పౌండ్లు, అంటే 6,800 కిలోలు. అలా కాకపోతే 1,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 1,000 పౌండ్ల ఒత్తిడి పెట్టి చూడాలి. 15 నిమిషాల్లో అది 10 శాతానికి మించి పడిపోకూడదు.

ఇంకో పరీక్ష ఉంది, దానికి ఖర్చే లేదు. గ్యాస్ బావిలో ఒక పైపు లోపల ఇంకో పైపు ఉంటుంది. మధ్య సందులోంచి గ్యాస్ మెల్లగా పైకి పాకొచ్చు. కెనడాలోని అల్బర్టాలో ఆ సందుకి ఒక గొట్టం తగిలించి, కొసను నీళ్లలో 2.5 సెంటీమీటర్లు ముంచి 10 నిమిషాలు చూస్తారు. బుడగలొస్తే లీకున్నట్టే.

పరీక్ష చేయడం ఒక ఎత్తు, అది చెప్పింది వినడం ఇంకో ఎత్తు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకాండో అనే బావిని తాత్కాలికంగా మూసే పనిలో ఉన్నారు. పైనుంచి ఒత్తిడి తగ్గించి, కింద నుంచి ఏమైనా తోసుకొస్తోందా అని చూసే పరీక్ష చేశారు. డ్రిల్ పైపు మీద 1,400 పీఎస్ఐ కనిపించింది. బావి మూసుకుని ఉంటే అక్కడ సున్నా ఉండాలి. పక్కనున్న ఇంకో లైనులో ఏమీ రావట్లేదు కాబట్టి దాన్ని నమ్మి, ఆ 1,400కి ఏదో కారణం చెప్పుకున్నారు. ఆ రాత్రే బావి పేలి 11 మంది చనిపోయారు. మన పసర్లపూడిలో 1995లో రెండు నెలలకు పైగా మండింది చూశారే, అది తవ్వుతుండగా పేలిన బావి. ఇది మూస్తుండగా పేలింది. మన బోర్లో గ్యాస్ లేదు, పేలదు. అయినా రెండు రీడింగులు కలవనప్పుడు మనకు నచ్చినదాన్ని పట్టుకోవడం ఇక్కడా రోజూ జరిగేదే. కాసేపట్లో మీకే కనబడుతుంది.

ఇప్పుడు బోరు దగ్గరికి వద్దాం. కెమెరా కొంచెం కిందికి తిప్పు తమ్ముడూ.

ఈ మెట్టలో పైన కొంత మట్టి, మొరం ఉంటాయి, కింద రాయి. కేసింగ్ పైపు ఆ మట్టి ఉన్నంతవరకే దించుతారు. రాయి తగిలాక ఉత్త బొక్కే. నీళ్లు పడకపోతే రైతు ఏం చేస్తాడు? అడుక్కింత లెక్కన బోరు లారీకి కట్టేసి ఉంటాడు, కనీసం కేసింగైనా దక్కుతుందని పీకించుకుంటాడు. తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ పైపు పోయాక పైమట్టి నిలవదు. వాన పడ్డప్పుడల్లా అంచు విరిగి లోపలికి జారుతుంది, మూతి గరాటులా వెడల్పవుతుంది. పిల్లలు జారిపోయేది అలాంటి చోటే. 2017 ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ల బాబు పడితే ప్రాణాలతో తీయగలిగారు. 2019 అక్టోబరులో తిరుచ్చి దగ్గర పడిన బాబు దక్కలేదు.

కాబట్టి మీరూ మూతి అంచున నిలబడొద్దు. మందపాటి చెక్క పలకలు రెండు అడ్డంగా వేసి, వాటి మీదే నిలబడండి. పని అయ్యేదాకా పిల్లల్ని, మేకల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు.

సామాను చెప్తాను. సాగని తాడు కావాలి. నైలాన్ తాడు సాగుతుంది, రీడింగ్ తప్పొస్తుంది. 10 అడుగులకో ముడి, 50 అడుగులకో రంగు గుడ్డ కట్టుకోండి. కొసకి ఒకటిన్నర, రెండు కిలోల బరువు, సన్నగా పొడుగ్గా ఉండాలి. తాపీ మేస్త్రీల గుండు తేలిక, పనికిరాదు. నేను చేతికి దొరికిన ఇనప కడ్డీ ముక్కలు మూడు కలిపి బిగించాను.

దించుతున్నాను చూడండి. ఇది రంగు వేసిన బోరు, ప్లేటు కోయించాం. తాడు వేళ్ల మధ్య జారనివ్వాలి, వదిలేయకూడదు. ఇదిగో, 180 దగ్గర బరువు కొంచెం తేలికైంది. నీళ్లు తగిలాయన్నమాట, అడుగు కాదు. ఇంకా దిగుతోంది. 400... 500... ఆగింది. తాడు వదులైంది. ఇక్కడే తొందరపడతారు. రాతి గోడలో చిన్న గట్టు తగిలినా ఇలాగే ఆగుతుంది. రెండడుగులు పైకి లాగి, కొంచెం తిప్పి మళ్లీ దించండి. మూడుసార్లూ ఒకే చోట ఆగితేనే అడుగు. మనకి 540 వచ్చింది. అంటే ఇంత అందంగా రంగేసిన ఈ బోర్లో గుప్పెడు మట్టి కూడా లేదు.

ఇక లెక్క. ఇది రాసుకోండి, వీడియోలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క ఇదే. ఆరున్నర అంగుళాల బోర్లో 20 లీటర్ల పెయింటు బకెట్టు నిండా ఏదైనా పోస్తే, బోరు అడుగుభాగం దాదాపు 3 అడుగులు పైకి లేవాలి. పది బకెట్లకు 30 అడుగులు. పాత నాలుగున్నర అంగుళాల బోరైతే ఒక్క బకెట్టుకే ఆరడుగులకు పైన. అంటే ఈ 540 అడుగుల బోరుకి సుమారు 180 బకెట్లు. ఇసుక లెక్కలో చెప్పాలంటే, ఒక యూనిట్, అంటే వంద ఘనపుటడుగులు పోసినా ఇంకా పావు యూనిట్ కావాలి.

ఇది విని పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు. కడప బండ పరిచిన బోరు ఆయనదే.

"ఏంది అబ్బయా, నేను ఆ బోర్లోకి ట్రక్కు మట్టి పోయించా గదా, మళ్లీ దానికి తాడెందుకు?"

"ట్రక్కు మొత్తం పట్టిందా పెద్దాయనా?"

"యాడ పట్టింది! సగం పోసేలోపలే మూతి దాకా వచ్చేసింది. మిగతాది గట్టుకేసుకున్నా."

"బోరు ఎంత లోతు వేయించారు?"

"ఆరొందలు."

చూశారా, తాడు దించకముందే తేలిపోయింది. 600 అడుగులకు 200 బకెట్లు పట్టాలి, దాదాపు 140 ఘనపుటడుగులు. ట్రక్కుకి వంద ఘనపుటడుగులు అనుకుంటే, సగం ట్రక్కుకే నిండిందంటే మూడో వంతుకు మించి పూడలేదు. మట్టి పెళ్లలు మధ్యలో ఎక్కడో అడ్డం పడి ఇరుక్కున్నాయి. వాటి మీద మిగతా మట్టి కూర్చుంది, కింద ఖాళీ. పైనుంచి చూస్తే మాత్రం నేలమట్టం దాకా పూడినట్టే ఉంటుంది. ఉత్త బొక్క అయితే కనీసం కంటికి కనబడుతుంది, ఇది అదీ కనబడదు. అందుకే దీనికి నేను ఎక్కువ భయపడతాను.

ఇలా ఇప్పటికే మట్టి పోసేసి, లెక్కలు ఎవరికీ గుర్తులేని బోర్లు ఊరూరా ఉంటాయి. వాటికి మొదట పైన మూడడుగులు తవ్వండి. పలకల మీద నిలబడే సుమా. పొడవాటి కడ్డీ గుచ్చి చూడండి. తర్వాత డ్రమ్ము నీళ్లు మెల్లగా పోయండి. బాగా పూడిన చోట నీళ్లు నిలబడి కొద్దికొద్దిగా ఇంకుతాయి. ఒక్కసారిగా గుటుక్కున దిగినా, గాలి బుడగలు తన్నుకొచ్చినా, మట్టి కుంగినా కింద ఖాళీ ఉందన్నమాట. ఏమీ జరగకపోతే పూడినట్టేనా అంటే, కాదు. అడ్డం పడిన మట్టి గట్టిగా ఉంటే నీళ్లకి లొంగదు. అనుమానం తీరకపోతే బోరు లారీని పిలిచి కంప్రెసర్‌తో ఊదించి, మళ్లీ మొదటి నుంచి పూడ్చడమే. ఖర్చవుతుంది, తెలుసు.

పూడ్చడం గురించి పెద్దగా చెప్పేది లేదు. ముప్పావు అంగుళం లోపు కంకర, ఇసుక, బోరు వేసినప్పుడు పక్కన పోసిన రాతి పొడి, ఏదైనా పనికొస్తుంది. పెళ్లలు, పెద్ద రాళ్లు, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ గోతాలు వద్దు. ట్రాక్టరుతో ఒక్కసారి దొర్లించొద్దు, బకెట్టుతో పోయాలి.

పది బకెట్లకోసారి ట్యాగ్ చేయాలి. మనం 540 నుంచి మొదలుపెట్టాం. పది బకెట్లు పోశాక తాడు 511 చూపించింది, బాగుంది. ఒకటి రెండు అడుగుల తేడా పట్టించుకోకండి, నీళ్లలో ఇసుక సర్దుకుంటుంది. ఇలా 310 దాకా వచ్చాం. ఆ తర్వాత పది బకెట్లు పోస్తే 280 రావాలి కదా, తాడు 212 అంటోంది. మా కుర్రాడు "భలే, తొందరగా లేస్తోందన్నా" అన్నాడు. లేవలేదు, ఇరుక్కుంది! ఇంకా పోయడం అక్కడే ఆపేయాలి. గట్టి మోకుకి బరువైన ఇనప కడ్డీల కట్ట కట్టి, అడ్డం పడిన చోట నాలుగు దెబ్బలు వేయండి, పైనుంచి నీళ్లు పోయండి. ఇదిగో, కిందికి జారింది. ఇప్పుడు కొలిస్తే 281. లెక్క కలిసింది, మళ్లీ పోసుకోవచ్చు. రివర్సులో కూడా జరుగుతుంది: పది బకెట్లు పోసినా అడుగుభాగం పైకి లేవదు. అంటే రాతి పగుళ్లలోకి ఇసుక పోతోంది. అక్కడ కాస్త పెద్ద కంకర వేసి చూడండి.

పైనుంచి 12 అడుగుల దాకా రాగానే ఇసుక ఆపేయండి. ఇక్కడి నుంచి నీళ్లు దిగకుండా బిగించాలి. బస్తా సిమెంటులో పాతిక లీటర్ల నీళ్లు కలిపితే ఈ బోర్లో ఆరడుగులు నిండుతుంది, అంటే రెండు బస్తాలతో పదడుగులు అయిపోతుంది. మూతి వెడల్పైన చోట ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. సిమెంటు వద్దనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ గుంతల్లో వేస్తారే, ఆ బెంటోనైట్ గానీ మంచి బంకమట్టి గానీ తడిపి కూరండి. పైన రెండడుగులు మామూలు మట్టి వేస్తే నాగలికి అడ్డం రాదు. ఈ పైబిగింపు లేకపోతే తోటలో కొట్టిన మందు, వాననీళ్లతో వచ్చే చెత్త బోరు వెంటే కిందికి దిగి పక్క బోరు నీళ్లలో కలుస్తాయి.

కావలి, అల్లూరు వైపు వాళ్లకి ఒక మాట. మీ దగ్గర రాయి కాదు, ఇసుక పొరలు. పాడుబడ్డ బోరు ఉప్పునీళ్ల పొరకీ తియ్యనీళ్ల పొరకీ మధ్య దారి అవుతుంది, పక్కన రొయ్యల చెరువుంటే ఆ నీళ్లకీ దారే. అక్కడ ఇసుకతో పూడిస్తే దారి మూసినట్టు కాదు. అడుగు నుంచీ బంకమట్టి, బెంటోనైట్ లేదా సిమెంటే వాడాలి. ట్యాగ్ చేయడం మాత్రం ఇలాగే.

కాగితాల సంగతి. సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చి, ఆగస్టులో సవరించింది. పనికిరాని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలి, పూడ్చినట్టు సంబంధిత శాఖ నుంచి ధ్రువపత్రం ఉండాలి, ఊళ్లలో సర్పంచ్, వ్యవసాయ శాఖ అధికారి చూసుకోవాలి. అందులోనే కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మ కట్టాలనీ ఉంది, నేలపైన 30 సెంటీమీటర్లు, కింద 30. అది బోరు వేసినప్పుడు చేసే పని. మనవాళ్లు సులువుగా ఉందని దాన్నే పట్టుకుని, పాడుబోరుకీ దిమ్మ కట్టి, ఫొటో తీసి పని అయిపోయిందంటారు. మీరు సచివాలయానికి ఇచ్చే కాగితంలో బోరు సైజు, మొదట కొలిచిన లోతు, పోసిన బకెట్లు, ప్రతి పది బకెట్లకీ తాడు రీడింగ్ రాయండి. ముడి కనబడేలా తాడు ఫొటోలు జత చేయండి. సంతకం పెట్టే అధికారి కూడా ఆ పట్టిక చూస్తే నిమిషంలో కనిపెట్టగలడు, ఎక్కడ లెక్క దూకిందో.

మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టి వానలు. మొదటి వానాకాలం పోయాక వెళ్లి చూడండి, మట్టి ఒక జాన కుంగితే పైన నింపండి. ఏడాదేడాదీ కుంగుతూనే ఉంటే తాడు మళ్లీ బయటికి తీయాల్సిందే.

మోటారు ఇరుక్కుపోయిన బోర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. వాటిలో తాడు మోటారు నెత్తి మీద ఆగుతుంది, దాన్నే అడుగనుకుని పూడ్చేస్తారు. ముందు మోటారు తీయించాలి, అది తర్వాతి వీడియోలో చూపిస్తాను. ఈలోపు మీ బోరు సైజు, లోతు కామెంట్లో పెట్టండి, ఎన్ని బకెట్లు పడతాయో లెక్కేసి చెప్తాను.