అడుగు మారే క్షణం: మనిషి నడక వెనక భౌతికశాస్త్రం

అందరికీ నమస్కారం. మోకాళ్ల నొప్పులున్నా మెట్లెక్కి పైకి వచ్చిన పెద్దవాళ్లకి ముందుగా నా కృతజ్ఞతలు. ఈ సాయంత్రం మాట్లాడబోయేది మీ కాళ్ల గురించే.

గోడ పక్కన కూర్చున్నవాళ్లు ఒకసారి లేవండి. ఎడమ భుజం, ఎడమ పాదం అంచు గోడకి ఆనించి నిలబడండి. ఇప్పుడు కుడికాలు ఎత్తి అలాగే ఉంచండి. చూశారా, ఎవరూ ఉండలేకపోతున్నారు. కుడికాలు లేవాలంటే ఒంటి బరువు ముందు ఎడమ పాదం మీదికి రావాలి. అందుకు నడుము కాస్త ఎడమకి జరగాలి. గోడ జరగనివ్వడం లేదు. మొదటి అడుగు వేసేటప్పుడు ఇంకో సంగతి కూడా జరుగుతుంది. కదలాలనుకోగానే పిక్క కండరం కొంచెం పట్టు వదులుతుంది, అరికాలి కింద ఒత్తిడి మడమ వైపు వెళ్తుంది, ఒళ్లు ముందుకి ఒరుగుతుంది. మనం ముందు పడడం మొదలుపెడతాం, ఆ తర్వాతే కాలు ముందుకి వేస్తాం.

ప్రహరీ గోడ అవతల ఎవరైనా నడిచి వెళ్తుంటే మనకి తల మాత్రమే కనిపిస్తుంది. ఈసారి ఆ తలని గమనించండి. అది తిన్నగా సాగదు, అడుగడుగుకీ నాలుగైదు సెంటీమీటర్లు లేస్తూ దిగుతూ పోతుంది. నేల మీద ఆనిన కాలు దాదాపు నిటారుగా ఉంటుంది, పాదం కదలదు, దాని మీద ఒళ్లంతా చాపంలా తిరుగుతుంది. గోడ గడియారంలో లోలకాన్ని తలకిందులు చేసి చూసుకోండి, అదే ఇది. చాపం పైకి ఎక్కేటప్పుడు వేగం తగ్గి గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) స్థితిశక్తి (ఎత్తు వల్ల ఉండే శక్తి) అవుతుంది. దిగేటప్పుడు అది మళ్లీ వేగంగా మారుతుంది. 1960లలో ఇటలీలోని మిలాన్‌లో జొవాని కవాన్యా, రొడోల్ఫో మార్గరియా బృందం బలాన్ని కొలిచే పలకల మీద మనుషుల్ని నడిపించి ఈ మార్పిడిని లెక్కగట్టారు. హాయిగా నడిచే వేగంలో, అంటే గంటకి నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల దగ్గర, 60 శాతానికి పైగా శక్తి ఇలా ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారుతూ మనకే తిరిగి వస్తుంది.

మరి మిగతాది ఎక్కడ పోతోంది? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

లోలకం లెక్క ఒక కాలి మీద ఉన్నంతసేపే చెల్లుతుంది. కాలు మారేటప్పుడు ఏమవుతుందో చూద్దాం. లెక్క తేలికగా ఉండడానికి పాదాలు లేని, కర్రల్లాంటి కాళ్లు అనుకోండి. కాలు పొడవు 90 సెంటీమీటర్లు, అడుగు 70 సెంటీమీటర్లు. రెండు కాళ్ల మధ్య కోణం దాదాపు 46 డిగ్రీలు వస్తుంది. వెనక కాలి మీద తిరుగుతూ ముందుకీ కిందికీ దిగుతున్న ఒళ్లు, ముందు కాలు ఆనగానే దాని మీద పైకి ఎక్కాలి. వేగం దిశ ఉన్నపళంగా 46 డిగ్రీలు మళ్లాలి. త్రికోణమితిలో చెప్పే కొసైన్ విలువ 46 డిగ్రీలకి దాదాపు 0.7. పాత వేగంలో కొత్త దిశకి మిగిలేది ఆ 0.7 వంతే. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒక్క తాకిడితో సగం పోయినట్టే! మన పాదం మడమ నుంచి వేళ్ల దాకా దొర్లుతుంది కనుక నిజంగా అంత నష్టం ఉండదు. అయినా నడకకి అయ్యే ఖర్చులో పెద్ద వాటా ఈ అడుగు మారే దగ్గరే ఉంది. పెద్ద అడుగులు వేస్తే తాకిడి నష్టం పెరుగుతుంది, మరీ చిన్న అడుగులు వేస్తే కాళ్లు గబగబా ఊపడానికి ఖర్చవుతుంది. ఈ రెంటి మధ్య మన ఒళ్లు తనకి చవకైన అడుగు తానే వెతుక్కుంటుంది.

ఆ నష్టాన్ని పూడ్చే పని ముఖ్యంగా చీలమండ చేస్తుంది. చెయ్యి వెనక్కి పెట్టి మడమ పైన గట్టిగా తగిలే పట్టీని పట్టుకుని చూడండి. డాక్టర్లు ఎకిలిస్ టెండన్ అనేది దాన్నే. ఒళ్లు పాదం మీదుగా ముందుకి వెళ్తుంటే అది సాగుతూ శక్తిని దాచుకుంటుంది. చివర్లో ఒక్కసారిగా వదులుతుంది, వెనక పాదం నేలని తోస్తుంది. ఇక్కడ ఎప్పుడు తోస్తున్నామన్నది ప్రాణం. ముందు మడమ తాకే ముందు క్షణంలో తోస్తే వేగం దిశ అప్పటికే కొంత మళ్లి ఉంటుంది, తాకిడి తగ్గుతుంది. ఇదే నష్టాన్ని తుంటి బలంతో పూడ్చాలంటే ఎంత పని పడుతుందో, ఇలా తోస్తే అందులో నాలుగో వంతు చాలని సులువైన నమూనా మీద నడకని పరిశోధించే ఆర్థర్ కువో 2002లో లెక్క చూపించారు.

కండరాలే లేకుండా ఎంత దూరం పోవచ్చు? టాడ్ మెక్‌గీర్ చదివింది విమానాల ఇంజనీరింగ్. రైట్ సోదరులు ముందు ఇంజన్ లేకుండా గాలిలో తేలడం నేర్చుకుని, తర్వాతే ఇంజన్ పెట్టారు కదా, నడకనీ అలాగే పట్టుకుందామనుకున్నారు ఆయన. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో చేసిన ఆ పనిని 1990లో ప్రచురించారు. ఆయన చేసిన నడిచే యంత్రానికి మోటార్ లేదు, కంప్యూటర్ లేదు, కొద్దిగా వాలిన బల్ల మీద వదిలితే కాళ్లు వాటంతట అవే ఊగుతూ నడుచుకుంటూ దిగుతాయి. తాకిడిలో పోయే శక్తిని వాలు తిరిగి ఇస్తోంది, అంతే. మనకి వాలు ఉండదు కాబట్టి పిక్కలు ఆ పని చేస్తున్నాయి. 2005లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే పద్ధతికి చిన్న మోటార్లు జోడించి చదునైన నేల మీద నడిచే రోబో చేశారు. బరువుకీ దూరానికీ లెక్క చూస్తే అది వాడిన శక్తి మనిషికి దగ్గరగా వచ్చింది. అప్పట్లో పేరున్న హోండా కంపెనీ రోబో ఆసిమోకి దానికి పది రెట్లకి పైగా పడుతుందని అంచనా.

వేగానికి ఒక హద్దు ఉంది, అది త్వరగా చెప్పేస్తాను. ఒళ్లు చాపం మీద తిరగాలంటే గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగి పట్టుకోవాలి. 90 సెంటీమీటర్ల కాలికి గంటకి దాదాపు 11 కిలోమీటర్లు దాటితే ఆ పట్టు చాలదు, పాదం నేల వదిలేస్తుంది. మనం అంతదాకా ఆగం, 7 దగ్గరే పరుగు అందుకుంటాం. చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతు కాబట్టి హద్దు నాలుగున్నర కిలోమీటర్ల లోపే. అపోలో వ్యోమగాములు అక్కడ గెంతుతూ తిరగడానికి బరువైన సూట్లతో పాటు ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మనకి దగ్గరి విషయం. మోకాలి కింద కాలు పోయినవాళ్లకి పిక్కా ఉండదు, చీలమండా ఉండదు. 1960ల చివర్లో డాక్టర్ పి.కె.సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ తయారుచేసిన జైపూర్ కృత్రిమ పాదం మన దేశంలో ఎందరినో నిలబెట్టింది. చెప్పులు లేకుండా, పొలంలో తడిమట్టిలో నడవొచ్చు, గొంతుకూర్చోవచ్చు. దాన్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ పిక్క కండరంలా సరైన క్షణంలో నేలని తోసే బలం దానికి లేదు. ఆ వైపు తోపు తగ్గేసరికి బాగున్న కాలి మీద తాకిడి పెరుగుతుంది, మనిషి త్వరగా అలిసిపోతాడు. మోటారున్న కృత్రిమ చీలమండలు వచ్చాయి గానీ ధర మామూలు మనిషికి అందదు.

మరో దారి ఉండొచ్చని నా నమ్మకం. 2015లో స్టీవెన్ కాలిన్స్, గ్రెగరీ సావికీ బృందం బ్యాటరీ లేకుండా, ఒక స్ప్రింగూ ఒక క్లచ్చూ మాత్రమే ఉన్న తొడుగుని చీలమండకి కట్టి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నడక ఖర్చుని 7 శాతం దాకా తగ్గించారు. స్ప్రింగులు మన ఊరి మెకానిక్ షాపుల్లోనూ దొరుకుతాయి. కాలేజీ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న పిల్లలు ఇక్కడ ఉంటే, తక్కువ ధరకి, తడిమట్టిని తట్టుకుంటూ, ముందు మడమ తాకే ముందే తోసే పాదం గురించి ఆలోచించండి. ప్రసంగం అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, కాగితం పెన్ను తీసుకుని రండి.