కెర్నెల్‌ల బ్లూటూత్‌కి 'వై' పెట్టాల్నా, 'ఎమ్' పెట్టాల్నా?

నమస్తే. లినక్స్‌కు గుండెకాయ లెక్కుండే కెర్నెల్‌ను సొంతంగ కంపైల్ చేసుకునేటోళ్లు, అండ్ల ఏమేం ఉండాల్నో ఎంచుకునే మెనూకాన్ఫిగ్ అనే మెనూల బ్లూటూత్ కాడికి రాంగనే ఒక పని చేస్తరు. కనపడ్డ ప్రతి లైనుకూ 'వై' కొట్టుకుంట పోతరు. 'వై' అంటే ఆ ముక్కను కెర్నెల్ లోపల్నే కలుపుడు, 'ఎమ్' అంటే మాడ్యూల్, కావాల్సినప్పుడు ఎక్కించుకునే విడి ముక్క. ఎందుకని అడిగితే, 'ఎమ్' పెడితే సగం సపోర్టే వస్తదట, 'వై' పెడితేనే పూర్తిగ వస్తదట! ఈ మాట విన్నప్పుడల్లా నాకు పానం ఊకోదు. అందుకే ఈ వీడియో. కంపైల్ ఎట్ల చేయాలె, గ్రబ్ (బూట్ మెనూ) ఎట్ల మార్చాలె అనేవి మీకు ఎరికే, వాటి జోలికి పోను.

మన హాలియా, మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ ఉన్నది కదా. 1967ల నీళ్లు వదిలిన కాలువ. పెద్ద కాలువ నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు, ఆఖరికి మన చేను కాడ తూము. ఇందుల ఏ ఒక్కటి లేకున్నా చేనుకు నీళ్లు రావు. అన్నీ ఉన్నా సరే, షట్టర్ ఎత్తనీకి లష్కర్, అంటే కాలువ చూసుకునే మనిషి, రావాలె. ఈ లష్కర్‌ను గుర్తు పెట్టుకోండ్రి, మల్ల ఈయనతోనే పని పడ్తది.

తెర మీద: మెనూకాన్ఫిగ్, నెట్‌వర్కింగ్ సపోర్ట్ లోపల 'బ్లూటూత్ సబ్‌సిస్టమ్ సపోర్ట్'

ఇది పెద్ద కాలువ. దీని కింద క్లాసిక్ బ్లూటూత్, లో ఎనర్జీ అని రెండు మేజర్లు. క్లాసిక్ కింద ఆర్‌ఎఫ్‌కామ్ (సీరియల్ పోర్ట్ లెక్క), బీనెప్ (నెట్‌వర్క్‌కు), హెచ్‌ఐడీపీ (కీబోర్డ్, మౌస్‌కు) అనే మైనర్లు. ఇంకింత కిందికి పోతే 'బ్లూటూత్ డివైస్ డ్రైవర్స్' అని వేరే మెనూ ఉంటది. అండ్ల 'హెచ్‌సీఐ యూఎస్‌బీ డ్రైవర్', అదే బీటీయూఎస్‌బీ, మన తూము. ల్యాప్‌టాప్‌లల్ల ఉండే చిప్‌లు చాలామట్టుకు లోపల యూఎస్‌బీ మీదనే ఉంటయి కాబట్టి ఎక్కువమందికి ఇదే కావాలె.

"అన్నా, నాకు ఆ లైనే కనపడ్తలేదు" అంటరు. కాలువే తవ్వని కాడ తూము ఎట్ల కనపడ్తది? పైన ఉండాల్సింది ఏదో ఆపేసి ఉన్నది. మెనూల స్లాష్ కొట్టి పేరు వెతుకుర్రి, అది దేని మీద ఆధారపడ్డదో, ఆ ఆధారం ఇప్పుడు ఎట్లున్నదో రాసి చూపెడ్తది. ఉదాహరణకు ఆర్‌ఎఫ్‌కిల్‌ని (వైఫై, బ్లూటూత్ రేడియోలను ఆన్, ఆఫ్ చేసేది) 'ఎమ్' పెట్టి బ్లూటూత్‌కి 'వై' పెడ్దామంటే కెర్నెల్ ఒప్పుకోదు. కెర్నెల్ లోపల్నే కలిసిపోయిన కోడ్, ఇంకా లోడ్ కాని మాడ్యూల్ మీద ఎట్ల ఆనుకుంటది? గీ ఒక్క స్క్రీన్ చదువుడు వస్తే సగం తిప్పలు తప్పుతయి.

ఇగ అసలు సంగతి. 'వై' అంటే తూమును సిమెంటు పెట్టి కట్టేసినట్టు. 'ఎమ్' అంటే అవసరమున్నప్పుడు తెచ్చి బిగించుకునే తూము. రెండింటి నుంచి వచ్చే నీళ్లు ఒక్కటే, కోడ్ ఒక్కటే. తేడా అంతా ఏ టైముకు మొదలైతదనే దాంట్ల ఉన్నది.

ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ చిప్‌లల్ల చాలావాటికి డ్రైవర్ ఒక్కటే సాలదు, ఫర్మ్‌వేర్ ఫైల్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) కూడా చిప్ లోపలికి ఎక్కాలె. ఆ ఫైల్ డిస్క్ మీద లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌ల ఉంటది. గిదే మన లష్కర్. 'వై' పెట్టిన డ్రైవర్ బూట్ మొదట్లనే లేస్తది. అప్పటికి చాలాసార్లు రూట్ డిస్క్ (సిస్టమ్ ఫైళ్లుండే డిస్క్) ఇంకా మౌంటే కాదు, ఫైళ్లు చదవరాదు. అంటే తెల్లారకముందే పోయి లష్కర్ ఇంటి తలుపు కొట్టినట్టు. తలుపు తియ్యరు, షట్టర్ లేవదు.

తెర మీద: డీమెసెజ్‌ల (కెర్నెల్ రాసే మెసేజ్‌ల లాగ్) ఒక లైన్, 'డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ … ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2'

ఈ -2 చూసి డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే బ్లూటూత్ ముక్క) ఖరాబైందని కొత్తది కొంటున్నరు! -2 అంటే ఆ ఫైల్ దొరకలేదని, అంతే. 'ఎమ్' పెట్టినోళ్లకు డిస్క్ మౌంటైనంక మాడ్యూల్ లోడ్ అయ్యే వీలుంటది, ఫైల్ దొరుకుతది. దొరకకపోయినా లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి, బీటీయూఎస్‌బీని తీసి మళ్లీ ఎక్కించొచ్చు, రీబూట్ అక్కెరలేదు. 'వై' పెట్టినోళ్లకు ఆ వీలే లేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ల (బూట్ మొదట్ల మెమరీలకు ఎక్కే చిన్న ఫైళ్ల మూట) ఫైల్ పెట్టాలె, లేకుంటే ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ ఆప్షన్‌తోటి కెర్నెల్‌లనే కలపాలె. చిన్న బోర్డుకు, డిస్కే లేని పెట్టెకు అది సరే. ఇంట్ల ల్యాప్‌టాప్‌కు ఎందుకు?

బీటీయూఎస్‌బీ కిందనే ఇంకో చిన్న లైన్ ఉంటది, అందరు దాటేసిపోతరు. కంపెనీవారీ సపోర్ట్. రియల్‌టెక్‌ది దానంతటదే ఆన్ ఉంటది. మీడియాటెక్‌ది మనమే పెట్టాలె. వీటికి 'ఎమ్' ఉండదు, ఔను, కాదు, రెండే. ఇక్కడ 'వై' కొట్టుడే కరెక్టు.

కెర్నెల్ కోడ్‌ను తిట్టేటోళ్లకు ఒక మాట. క్వాల్‌కామ్‌ల మాక్స్ క్రాస్న్యాన్‌స్కీ మొదలుపెట్టిన బ్లూజెడ్ (లినక్స్ బ్లూటూత్ కోడ్) 2001ల 2.4.6 కెర్నెల్‌ల కలిసింది. ఇన్నేండ్లు నలిగిన కోడ్ అది. నన్నడిగితే ముందు ఫర్మ్‌వేర్‌ను అనుమానించాలె, ఆ తర్వాతే కెర్నెల్.

టైమ్ అయిపోవస్తున్నది, మిగిలినయి గబగబ చెప్త. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడేటోళ్లు ఆ కమాండ్ కొట్టకముందే డాంగిల్ పెట్టుకోండ్రి. అది ఆ టైముకు లోడైన మాడ్యూళ్లనే ఉంచుతది, డాంగిల్ బయట ఉంటే తూమే మాయం. లో ఎనర్జీ మౌస్, కీబోర్డ్ ఉంటే యూహెచ్‌ఐడీ అనే ఆప్షన్ కూడా పెట్టుర్రి, ఇది బ్లూటూత్ మెనూల ఉండదు, హెచ్‌ఐడీ (కీబోర్డ్, మౌస్‌ల) మెనూల ఉంటది. అన్నీ సక్కగున్నా ఆన్ కాకపోతే 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టి సాఫ్ట్ బ్లాక్ (సాఫ్ట్‌వేర్‌తోటి ఆపేసుడు) ఉన్నదేమో చూడుర్రి.

హెడ్‌ఫోన్ పెయిర్ అయ్యి పాట మాత్రం రాకపోతే కెర్నెల్ ముట్టకుర్రి. పాటను ఎస్‌బీసీ అనే బ్లూటూత్ ఆడియో రకంలకు మార్చుడు పైప్‌వైర్ లెక్కటి ప్రోగ్రాముల పని, కెర్నెల్ దారి మాత్రమే ఇస్తది. మీ కెర్నెల్‌ల ఇప్పుడు ఏమున్నదో చూడాలంటే బూట్ ఫోల్డర్‌ల కాన్ఫిగ్ ఫైల్ తెరిచి బీటీ అని వెతుకుర్రి. అండ్ల బీటీయూఎస్‌బీ ముంగట 'ఎమ్' ఉంటే కంపైల్ ఆపి, ముందు డీమెసెజ్ చదువుర్రి.