డాష్ హెచ్ కొట్టే ముందు ఒక్కసారి ఆగండి

నమస్తే అండి. టెర్మినల్‌లో కొత్త కమాండ్ కనపడగానే అదెలా వాడాలో చెప్పే హెల్ప్ కోసం చాలామంది చెయ్యి డాష్ హెచ్ వైపే వెళ్తుంది. ఆ అలవాటు ఎందుకు మానుకోవాలో ఈరోజు చూద్దాం.

స్క్రీన్ చూడండి. డీఎఫ్ డాష్ హెచ్ కొడుతున్నాను. హెల్ప్ వచ్చిందా? లేదు, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో జీబీల్లో చూపించింది. ఇక్కడ హెచ్ అంటే హ్యూమన్ రీడబుల్. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్‌లో అదే హెచ్ ఫైల్ పేర్లు దాచేస్తుంది. డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే పీఎస్‌క్యూఎల్‌లో అయితే హోస్ట్, అంటే ఏ సర్వర్‌కి కనెక్ట్ అవ్వాలో.

వీటితో నష్టమేం లేదు. షట్‌డౌన్ సంగతి అలా కాదు. మిషన్‌ని స్టార్ట్ చేసి సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లో సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, షట్‌డౌన్ డాష్ హెచ్ కొట్టారనుకోండి, హెల్ప్ రాదు, నిమిషంలో మిషన్ ఆఫ్ అయిపోతుంది. నేను వర్చువల్ మిషన్‌లో చూపిస్తున్నాను, మీరు ఆఫీసు సర్వర్‌లో దయచేసి ట్రై చేయకండి. పొరపాటున కొట్టేస్తే టెన్షన్ పడొద్దు, ఆ నిమిషంలోపే సుడో షట్‌డౌన్ డాష్ సి కొట్టండి, రద్దవుతుంది.

అందుకే డాష్ డాష్ హెల్ప్ అని పూర్తిగా టైప్ చేయండి. లినక్స్‌లో వాడే చాలా కమాండ్లు రాసిన గ్నూ ప్రాజెక్ట్ వాళ్ల కోడింగ్ స్టాండర్డ్స్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి: ఈ ఆప్షన్ కనపడితే ప్రోగ్రామ్ మిగతావన్నీ వదిలేయాలి, తన అసలు పని చేయకూడదు, ఎలా వాడాలో చెప్పి ముగించాలి. తెలియని కమాండ్ ముందు కూర్చున్నవాళ్లకి ఇంతకన్నా పెద్ద భరోసా లేదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో మాత్రం స్లాష్, క్వశ్చన్ మార్క్. కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో డాష్ హెచ్, డాష్ డాష్ హెల్ప్ రెండూ పనిచేస్తాయి: గిట్ కమిట్ డాష్ హెచ్ అంటే క్లుప్తంగా, డాష్ డాష్ హెల్ప్ అంటే మాన్యువల్ పేజీ మొత్తం.

సొంతంగా టూల్స్ రాసేవాళ్లకి ఒక మాట. ప్రోగ్రామ్ మాటలు బయటికి రావడానికి రెండు దారులుంటాయి: మామూలు ఫలితాలకి స్టాండర్డ్ అవుట్‌పుట్, తప్పుల మెసేజ్‌లకి స్టాండర్డ్ ఎర్రర్. పైప్ మొదటిదాన్నే తర్వాతి కమాండ్‌కి అందిస్తుంది. అడిగిన హెల్ప్‌ని స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకే పంపండి. స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపితే ఇదిగో, పైప్ పెట్టి గ్రెప్‌తో వెతుకుతున్నాను, గ్రెప్‌కి ఏమీ అందలేదు, వందల లైన్లు అలాగే తెర మీద పడ్డాయి. కావలసిన ఒక్క ఆప్షన్ కోసం అవన్నీ వెనక్కి జరుపుకుంటూ వెతకాలి. యూజర్ తప్పు ఆప్షన్ ఇచ్చినప్పుడు వచ్చే మెసేజ్‌కి మాత్రం స్టాండర్డ్ ఎర్రరే సరైన చోటు.

పైథాన్‌లో ఆప్షన్లని చదివే ఆర్గ్‌పార్స్ అనే మాడ్యూల్ వాడితే ఇదంతా అదే చూసుకుంటుంది. చూడండి, డాష్ డాష్ హెల్ప్ ఇచ్చి, ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే ఎగ్జిట్ కోడ్ కోసం ఎకో డాలర్ క్వశ్చన్ మార్క్ కొట్టాను: 0 వచ్చింది, అంటే అంతా సవ్యం. ఇప్పుడు లేని ఆప్షన్ ఇస్తున్నాను: 2, అంటే తప్పు జరిగింది. మీ స్క్రిప్ట్‌లో కూడా ఈ రెండూ కొట్టి చూడండి.