రెండు గంటలు పట్టింది

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న టీచర్లకు, పిల్లలకు నమస్కారం. సన్మానాలకే గంట పట్టింది కాబట్టి ఇక నేరుగా విషయంలోకి వస్తాను. ‘గంట పట్టింది’ అన్నాను చూశారా, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నన్ను ఇంగ్లీషు గ్రామర్ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క క్రియ గురించే మాట్లాడతాను. టేక్. టేక్ అంటే ఏమిటర్రా అంటే పిల్లలందరూ ఒకే గొంతుతో ‘తీసుకొను’ అంటారు. మేమే అలా బట్టీ పట్టించాం.

నిజానికి ఇది ఇంగ్లీషులో పుట్టిన మాట కాదు. 793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి చేసిన వైకింగులు, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు, ఆ తర్వాత తరాల్లో ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో కాపురాలు పెట్టి స్థిరపడిపోయారు. వాళ్ల భాషలో ‘టాకా’ అనేవారు. అదే ఇంగ్లీషులోకి దిగింది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లకు ‘నిమాన్’ అనే సొంత మాట ఉండేది, జర్మన్‌లో దాని తోబుట్టువు ‘నేమెన్’ ఇప్పటికీ బతికే ఉంది. ఇంగ్లీషులో మాత్రం కొత్తగా వచ్చిన మాట పాతదాన్ని పక్కకు నెట్టేసింది.

అయితే పాతది పూర్తిగా పోలేదు. ‘నంబ్’ అంటే స్పర్శ లేకపోవడం కదా, అది ఆ నిమాన్ నుంచి వచ్చిందే. పట్టుబడినది, పట్టేసినది అని దాని అసలు అర్థం. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుని లేస్తే మన ఇళ్లలో ఏమంటాం? కాలు పట్టేసింది, తిమ్మిరి పట్టింది అంటాం. వాళ్లూ మనమూ ఎప్పుడూ కలిసి మాట్లాడుకోలేదు, అయినా ఒంటికి కలిగిన బాధకు ఇద్దరికీ ఒకే ఊహ తట్టింది. నాకు ఇది చదివిన రోజు నిద్ర పట్టలేదు. (ఇంగ్లీషుకు చుట్టమైన గోతిక్ అనే పాత భాషలో ‘తేకన్’ అంటే తాకడం. అలాగని టేక్ మన ‘తాకు’ నుంచే పుట్టిందని దయచేసి వాట్సాప్‌లో పంపకండి, అది కేవలం శబ్దాల పోలిక.)

ఇప్పుడు నా బాధ చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ‘ఇట్ టుక్ టు అవర్స్’ అన్నదాన్ని తెలుగులో రాయమని ప్రశ్న. ఒక అమ్మాయి ‘రెండు గంటలు పట్టింది’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. నా చేతిలో ఉన్న గైడులో ‘అది రెండు గంటలు తీసుకుంది’ అని ఉంది. ఎర్ర ఇంకుతో కొట్టేసి సున్నా వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరకొచ్చి, ‘మా ఇంట్లో ఇలాగే అంటాం సార్’ అంది. ‘ఇంట్లో అనేవి ఇక్కడ రాయకూడదు’ అన్నాను. తలొంచుకుని వెళ్లి కూర్చుంది.

టీచర్లూ, మీరు చెప్పండి, ఆ అనువాదంలో తప్పేముంది? సెలవు పెడతాం, మాత్ర వేసుకుంటాం, ఫోటో తీస్తాం, ప్రమాణం చేస్తాం, పగ తీర్చుకుంటాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ టేక్ ఒక్కటే సరిపోతుంది, తెలుగులో దేని మాట దానికుంది. తీసుకొను అనే ఒక్క అర్థం నేర్పి వదిలేస్తే పిల్లాడికి ఇంగ్లీషూ రాదు, ఉన్న తెలుగూ వంకర పోతుంది. ‘చర్యలు తీసుకుంటాం’ అని పేపర్లన్నీ రాసి రాసి మనకు అలవాటైపోయింది, దాన్ని ఇప్పుడు మార్చలేం. కానీ ‘స్నానం తీసుకున్నాను’ అని ఒక కుర్రాడు మొన్న నాతోనే అన్నాడు! వాడి తప్పు కాదు, వాడికి నేర్పిన మా తప్పు.

చెప్పాలనుకున్నవి ఇంకా ఉన్నాయి, టేక్ ఆఫ్, టేక్ ఆఫ్టర్ అన్నీ రాసుకొచ్చాను, వాటిని మీ టీచర్లు చెబుతారు. నా మనసంతా ఆ పేపరు మీదే ఉంది. ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఈ ఊళ్లోనే చదివింది కాబట్టి ఈ హాల్లో ఉందేమో. ఉంటే వినమ్మా, నీ జవాబు సరైనదే. ఆ మార్కు నీదే.