బ్యూరెట్ చెప్పిన అంకె: డిగ్రీలో రసాయన శాస్త్రం చదవడం గురించి

సభాధ్యక్షులకు, రసాయన శాస్త్ర శాఖలోని అధ్యాపక మిత్రులకు, ఈ సంవత్సరం బి.ఎస్సీ.లో చేరిన విద్యార్థినీ విద్యార్థులకు, వారిని దిగబెట్టడానికి వచ్చి సభ ముగిసేదాకా ఉండిపోయిన తల్లిదండ్రులకు నమస్కారం.

డిగ్రీలో కెమిస్ట్రీ ఎలా చదవాలో నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. సిలబస్ గురించి, సెమిస్టర్ల గురించి, క్రెడిట్ల గురించి మీ అధ్యాపకులు నాకంటే బాగా చెప్పగలరు. పైగా అవి మనం అలవాటు పడేలోపే మారిపోతుంటాయి. నేను చాలాకాలం ప్రయోగశాలలో విద్యార్థుల వెనక నిలబడి వాళ్ళ బ్యూరెట్ల వంక చూసినవాణ్ణి కాబట్టి మధ్యాహ్నం పూట జరిగే ఆ ప్రాక్టికల్స్ గురించే ప్రధానంగా మాట్లాడతాను. ఉదయం థియరీ క్లాసులో విన్నదానికి ఆధారం ఏమిటో మీ కళ్ళతో చూసుకోగలిగే చోటు అదేనని నా నమ్మకం.

ఇంటర్మీడియట్‌లో మీరు చదివిన కెమిస్ట్రీ చాలావరకు ఎంట్రన్స్ పరీక్ష కోసం చదివినది. ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, వాటిలో ఒకటి సరైనదన్న భరోసా, దాన్ని నిమిషంలోపు పట్టుకోవాలన్న తొందర. ఆ సాధన వృథా అని నేననను. ఆవర్తన పట్టిక కంఠతా వచ్చినవాడికి డిగ్రీలో సగం శ్రమ తగ్గుతుంది. కానీ ప్రయోగశాలలో మీకు నాలుగు ఆప్షన్లు ఇచ్చేవారుండరు. మీ చేతిలో ఒక ద్రావణం ఉంటుంది, ఒక అంకె వస్తుంది, ఆ అంకెను నమ్మాలో వద్దో మీరే తేల్చుకోవాలి.

మొదటి సెమిస్టర్లలో మీరు తప్పక చేయబోయే పొటాషియం పర్మాంగనేటు, ఆక్సాలిక్ ఆమ్లాల అంశమాపనాన్నే (టైట్రేషన్, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కనుక్కోవడం) తీసుకుందాం. పర్మాంగనేటును నేరుగా తూచి ప్రామాణిక ద్రావణం తయారు చేయలేం. అది పూర్తి శుద్ధంగా దొరకదు, నిలవ ఉంచితే కొంత విఘటనం చెందుతుంది. అందుకని శుద్ధంగా దొరికే ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికాలను తూచి, దాని ఆధారంతో పర్మాంగనేటు గాఢత కనుక్కుంటాం. ఆక్సాలిక్ ఆమ్లానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేటును చుక్క చుక్కగా వదలమని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఈ ఒక్క వాక్యంలోని ప్రతి మాట వెనకా ఒక కారణం ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వాడకూడదంటే పర్మాంగనేటు దాన్ని కూడా ఆక్సీకరించి క్లోరిన్‌గా మారుస్తుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి. ఆమ్లం చాలకపోతే ఫ్లాస్కులో గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ తేలుతుంది. వేడి తక్కువైతే చర్య నత్తనడక నడుస్తుంది, మరీ ఎక్కువైతే ఆక్సాలిక్ ఆమ్లమే విఘటనం చెందుతుంది.

ఇక మొదటి చుక్క పడినప్పుడు ఏం జరుగుతుందో శ్రద్ధగా చూడండి. గులాబీరంగు వెంటనే పోదు. ఫ్లాస్కును తిప్పుతూ ఉంటే కొన్ని క్షణాలకు మెల్లగా వెలిసిపోతుంది. కొత్తగా చేరిన విద్యార్థి అది చూసి అప్పుడే అంతిమ స్థానం, అంటే చర్య పూర్తయిన క్షణం, వచ్చేసిందని కంగారుపడతాడు. నాలుగైదు చుక్కలు పడ్డాక మాత్రం పరిస్థితి మారిపోతుంది; పడిన చుక్క పడినట్టే రంగు మాయమవుతుంది. చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే ఆ చర్యకు ఉత్ప్రేరకంగా పనిచేయడం వల్ల అలా జరుగుతుంది. స్వయం ఉత్ప్రేరణ అనే శీర్షిక కింద థియరీ పుస్తకంలో రెండు పంక్తుల్లో ఉండే సంగతి ఇదే. దాన్ని ఫ్లాస్కులో చూసినవాడు పరీక్ష కోసం మళ్ళీ బట్టీ పట్టనక్కరలేదు.

సాధారణంగా బ్యూరెట్‌లో ద్రావణపు వంపు అడుగు అంచును చూసి రీడింగు తీసుకుంటాం. పర్మాంగనేటు ముదురు రంగులో అడుగు అంచు కనబడదు కాబట్టి పై అంచును చూస్తాం. మొదటి రీడింగూ చివరి రీడింగూ రెండూ అలాగే తీస్తే తేడాలో తప్పు రాదు. కన్ను ఆ మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. బ్యూరెట్‌ను ముందు నీటితో, తరువాత అందులో పోయబోయే ద్రావణంతో కడగాలి. శంఖాకార కుప్పెను మాత్రం నీటితోనే కడగాలి, ద్రావణంతో కడిగితే పిపెట్‌తో కొలిచి పోసిన లెక్క చెడిపోతుంది. ఇవన్నీ చిన్న విషయాల్లా అనిపిస్తాయి. మూడో ఏడాది విద్యార్థుల్లో కూడా సగం మందికి ఈ కుప్పె సంగతి తెలియకపోవడం నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వరుసగా రెండు రీడింగులు ఒకటయ్యేదాకా అంశమాపనం చేయాలన్నది నియమం. చాలా కాలేజీల్లో జరిగేది వేరు. పక్క బల్ల మీది మిత్రుడి విలువ తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి, 19.8, 19.8 అని రెండుసార్లు రికార్డులో రాసేస్తారు. ఎగ్జామినర్‌కు అది తెలియదనుకోకండి. తెలుసు, ఆయనకు సాయంత్రం లోపల ఇంకో బ్యాచ్ చూడాలి. అందరికీ మార్కులు వస్తాయి, ఎవరికీ కెమిస్ట్రీ రాదు. మీకు 19.8, 20.3, 19.9 వస్తే ఆ మూడూ రాయండి. ఆ 20.3 ఎందుకు వచ్చిందో వెతకండి. బ్యూరెట్ ముక్కులో గాలిబుడగ ఉండి మధ్యలో వదిలిందా, ఫ్లాస్కు చల్లారిపోయిందా, చివరి చుక్కలకు తొందరపడ్డారా? ఆ వెతుకులాటలో నేర్చుకునేది సరైన జవాబు వచ్చిన రోజున నేర్చుకునే దానికంటే ఎక్కువ.

కుదరని రీడింగును పారేయకుండా ఉంచుకోవడం వల్ల ఎంత దూరం వెళ్ళవచ్చో చెప్పడానికి మనవాడి ఉదాహరణే ఉంది. లవణ విశ్లేషణలో ఫాస్ఫేటును గుర్తుపట్టడానికి గాఢ నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేటు కలిపి వేడి చేస్తారు. పసుపుపచ్చ అవక్షేపం వస్తుంది. (ఆర్సెనేటు కూడా మరిగిస్తే అలాంటి పసుపే ఇస్తుంది, అది గుర్తుంచుకోండి.) ఈ ఫాస్ఫేటు, మాలిబ్డేటు సంయుక్తాన్ని క్షయకరణం చేస్తే నీలంరంగు వస్తుంది, ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవవచ్చు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి ఈ నీలంరంగు మీద ఆధారపడినదే. ఆ పద్ధతిని కండరాల సారం మీద ప్రయోగించినప్పుడు రంగు రావలసినంత వేగంగా రాలేదు, ఆలస్యంగా ముదిరింది. రసాయనాలు పాతబడ్డాయనో, చేయి తిరగలేదనో అనుకుని దాన్ని వదిలేయవచ్చు. వాళ్ళు వదలలేదు. కండరంలో తేలికగా విడిపోయే ఫాస్ఫరస్ సమ్మేళనం ఏదో ఉందని, అది ఆమ్లంలో మెల్లగా విడిపోతుండటం వల్లే రంగు ఆలస్యమవుతోందని తేల్చారు. అదే కండరానికి శక్తి నిల్వగా ఉపయోగపడే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో అదే ప్రయోగశాల నుంచి, కణాలకు శక్తినందించే ఏటీపీ గురించిన ఫలితం కూడా వెలువడింది. మీరు రేపు పరీక్షనాళికలో చూడబోయే పసుపుకూ కండరం పనిచేసే తీరుకూ మధ్య ఉన్న దారి అది.

లవణ విశ్లేషణ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గ్రూపుల పట్టికను మంత్రంలా వల్లించి, ఇచ్చిన పొడి రంగు చూసి, వేడి చేసినప్పటి వాసన చూసి, లవణాన్ని ఊహించేయడం ఒక విద్యగా చలామణీ అవుతోంది. లోహ అయాన్లను అవి అవక్షేపమయ్యే తీరును బట్టి విభజించే ఆ పట్టిక మొత్తం ద్రావణీయతా లబ్ధాల మీద, అంటే ఏ లవణం ఎంత కరుగుతుందో చెప్పే అంకెల మీద, నిలబడి ఉంది. రెండో గ్రూపులో ఆమ్లం ఉండగా హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు సల్ఫైడ్ అయాన్ల గాఢతను బాగా అణచివేస్తాయి. ఆ కొద్దిపాటి సల్ఫైడ్‌తోనే కాపర్ సల్ఫైడ్ అవక్షేపం అవుతుంది, జింకు మాత్రం కాదు. జింకు నాలుగో గ్రూపు దాకా, క్షార మాధ్యమం వచ్చేదాకా ఆగుతుంది. మూడో గ్రూపులో అమ్మోనియం క్లోరైడ్‌ను ముందు వేసి అమ్మోనియం హైడ్రాక్సైడ్‌ను తరువాత ఎందుకు వేస్తారో కూడా సామాన్య అయాన్ ప్రభావమే చెబుతుంది; ఆ వరుస పాటించకపోతే మెగ్నీషియం కూడా అవక్షేపంలోకి దిగే ప్రమాదం ఉంది. సీసం మొదటి గ్రూపులోనూ రెండో గ్రూపులోనూ కనబడి విద్యార్థిని తికమకపెట్టడానికి కారణం, లెడ్ క్లోరైడ్ వంద మిల్లీలీటర్ల చల్లని నీటిలో దాదాపు ఒక గ్రాము కరగడమే.

భౌతిక రసాయన శాస్త్రంలో మిథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణ చేస్తారు. ఎస్టర్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, నిర్ణీత వ్యవధుల్లో కొంత మిశ్రమాన్ని పిపెట్‌తో తీసి, మంచునీటిలో వదిలి, చర్య నెమ్మదించాక సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేస్తారు. మిగిలిన ఎస్టర్ గాఢత లాగరిథంను కాలానికి ఎదురుగా గీసిన గ్రాఫులో బిందువులు సరళరేఖ మీద పడితే అది ప్రథమ క్రమాంక చర్య, అంటే వేగం ఎస్టర్ గాఢతకు అనులోమంగా ఉండే చర్య. ఇది విసుగు పుట్టించే ప్రయోగమని ఒప్పుకుంటాను. గడియారం చూస్తూ కూర్చోవాలి. అయితే కర్బన రసాయన శాస్త్రంలో ఎలక్ట్రాన్ల కదలికను చూపడానికి మీరు గీయబోయే వంపు బాణాలకు పునాది ఇలాంటి కొలతల్లోనే ఉంది. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ మీద హైడ్రాక్సైడ్ గాఢతను రెట్టింపు చేసినా వేగం మారదు, మిథైల్ బ్రోమైడ్ విషయంలో వేగం కూడా రెట్టింపవుతుంది. 1930లలో లండన్‌లో హ్యూజ్, ఇంగోల్డ్ ఇలాంటి వేగాలను కొలిచే, ఈ రెండూ వేర్వేరు మార్గాల్లో నడుస్తాయని చెప్పారు. కాబట్టి చర్యా విధానం రాసేటప్పుడు, ఎలక్ట్రాన్లు ఉన్న చోటి నుంచి లేని చోటికి బాణం గీయడంతో పాటు, ఈ సంగతి ఏ కొలతతో తెలిసిందని ఒక్కసారి అడగండి. క్లాసులో అడగండి, మంచి అధ్యాపకులు సంతోషిస్తారు.

తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎంతోమంది ఉన్నారు. భయపడవద్దు. తెలుగు అకాడమీ పుస్తకాన్ని ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక సెమిస్టర్ చదివితే ఆ తేడా పోతుంది. లెక్కలు వదిలేసినవాళ్ళే, అంటే బయాలజీ గ్రూపు నుంచి వచ్చినవాళ్ళే, ఎక్కువ జాగ్రత్త పడాలి. లాగరిథం, అవకలనం ఈ రెండు చేతకాకపోతే ఉష్ణగతిక శాస్త్రం గోడలా అడ్డు నిలుస్తుంది.

తల్లిదండ్రులు అడగదలచుకున్న ప్రశ్న నాకు తెలుసు: ఇది చదివితే ఉద్యోగం వస్తుందా? 1960లలో హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఔషధ పరిశ్రమ పెరుగుతూనే ఉంది. జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ దగ్గర పరవాడ, వీటిలో క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో పనిచేసేవాళ్ళలో బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ వాళ్ళు చాలామంది. అక్కడ మొదట నేర్పే నియమం ఒకటుంది. రాసిన అంకెను చెరపకూడదు, దాని మీద మరో అంకె దిద్దకూడదు. తప్పైతే పాతది కనబడేలా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం రాయాలి. చూసిన క్షణంలోనే రాయాలి, సాయంత్రం గుర్తుచేసుకుని కాదు. విదేశీ ఔషధ నియంత్రణ సంస్థల తనిఖీదారులు వచ్చి ఈ పుస్తకాలనే తిరగేస్తారు. కాలేజీలో మూడేళ్ళు వెనక్కి లెక్కవేసి రీడింగులు రాసిన చేతికి ఈ అలవాటు ఒక్క వారం శిక్షణలో రాదు. ఆస్పిరిన్ తయారు చేసే ప్రయోగంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదారంగు వచ్చిందంటే అందులో చర్య జరగని సాలిసిలిక్ ఆమ్లం మిగిలి ఉందని అర్థం. రికార్డులో ఊదారంగు వచ్చిందనే రాసి, మళ్ళీ స్ఫటికీకరణం చేసి, మళ్ళీ పరీక్షించండి. పరిశ్రమలో మలినాల విశ్లేషణ పేరుతో జరిగే పని స్వభావం ఇదే, పరికరాలు మాత్రం ఖరీదైనవి.

చివరగా మీకు ఒక పని అప్పగిస్తాను. ఈడీటీఏ (నీటిని కఠినం చేసే కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకునే రసాయనం) అంశమాపనం నేర్చుకున్నాక, మీ ఊరి బోరు నీళ్ళు ఒక శుభ్రమైన సీసాలో పట్టుకురండి. 50 మిల్లీలీటర్లు కొలిచి, పీహెచ్ 10 బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక వేసి, 0.01 మోలార్ ఈడీటీఏతో ద్రాక్షరంగు పోయి శుద్ధమైన నీలం వచ్చేదాకా చేయండి. ఈ గాఢతలో ఒక మిల్లీలీటరు ఈడీటీఏ ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బనేటుకు సమానం కాబట్టి, 20 మిల్లీలీటర్లు పడితే మీ నీటి కఠినత్వం లీటరుకు 400 మిల్లీగ్రాములు. తాగునీటికి భారతీయ ప్రమాణం 200 ఉండాలంటుంది, వేరే నీరు దొరకని చోట 600 దాకా అనుమతిస్తుంది. అవే నీళ్ళను మరిగించి, చల్లార్చి, వడకట్టి, ఆవిరైపోయినంత స్వేదనజలం కలిపి మళ్ళీ కొలిస్తే తాత్కాలిక కఠినత్వం ఎంతో తేలుతుంది. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా వస్తే దాన్ని ఏ పుస్తకంలోనూ సరిచూసుకోలేరు. మీ రీడింగులే మీకు ఆధారం. ఆ సీసాలతో మీరు వచ్చిన రోజున మీ అధ్యాపకులు కబురు చేస్తే నేనూ వస్తాను.